పీసీ షూటర్‌ని కన్సోల్‌కి తెద్దాం – 4వ పాఠం: మౌస్ పోయి స్టిక్ వస్తే

గత పాఠం చివర ఒక పని ఇచ్చాను. ‘డూమ్’ అనే పీసీ షూటర్‌ను 2 మెగాబైట్ల మెయిన్ మెమరీలో ఇరికించాలంటే ముందు దేన్ని వదులుకుంటారు అని. దీనికి ఒకటే జవాబంటూ లేదు. 1995లో ప్లేస్టేషన్ వెర్షన్ చేసినవాళ్లు ఆర్చ్‌వైల్ అనే రాక్షసుణ్ణి మొత్తానికే తీసేశారు. వాడి కదలికలకు కావలసిన బొమ్మలు అన్నీ ఇన్నీ కావు మరి. అదే ఏడాది సూపర్ నింటెండోకి తెచ్చిన ర్యాండీ లిండెన్ నేల మీద, పైకప్పు మీద టెక్స్చర్లు తీసేసి ఉత్త రంగు పూశాడు. అందులో రాక్షసులు ఎప్పుడు చూసినా మనవైపే తిరిగి ఉంటారు, వాళ్ల వీపు బొమ్మలు క్యాట్రిడ్జ్‌లో లేవు. మీరు ఏది తీసినా సరే, ఆడేవాడి కళ్లు ముందు ఎక్కడ పడతాయో ఆలోచించి తీసి ఉంటే పాసైనట్టే.

ఇవాళ్టి పాఠం చేతుల గురించి. పోర్ట్, అంటే ఒక మెషిన్ ఆటను ఇంకో మెషిన్‌కి తెచ్చిన వెర్షన్, నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడేనని నా అభిప్రాయం. బొమ్మ కాస్త మసకగా ఉంటే జనం సర్దుకుపోతారు. గురి కుదరకపోతే మాత్రం పది నిమిషాల్లో ప్యాడ్ పక్కన పడేస్తారు.

మౌస్ చెప్పేది వేరు, స్టిక్ చెప్పేది వేరు

మౌస్‌ని రెండు అంగుళాలు జరిపితే చూపు ఇంత తిరగాలి అని మీ చెయ్యే చెప్పేస్తుంది. చెయ్యి ఆగితే చూపు ఆగుతుంది. ప్యాడ్ మీద బొటనవేలితో తోసే స్టిక్ అలా కాదు, అది కుళాయి లాంటిది. ఎంత తిప్పితే అంత ధార వస్తుంది గానీ, బిందె ఎప్పుడు నిండిందో చూసుకుని కట్టేయాల్సింది మీరే. అంటే మౌస్ మనకిచ్చేది దూరం, స్టిక్ ఇచ్చేది వేగం. స్టిక్‌తో ఆడేవాడు ఎటు తిరగాలో, ఎంత వేగంగా తిరగాలో, ఎప్పుడు ఆపాలో మూడూ చూసుకోవాలి. మూడోదే కష్టం.

మనలో చాలామంది కీబోర్డు, మౌస్‌తో నెట్ సెంటర్లలో షూటర్లు నేర్చుకున్నవాళ్లమే. అందుకే ప్యాడ్‌తో ఆడేవాళ్లని చూస్తే, వీళ్లకి గురి ఆటే చూసిపెడుతుందన్నట్టు ‘ఆటో ఎయిమ్ బ్యాచ్’ అని చిన్నచూపు. ఆ చిన్నచూపుతో పోర్ట్ చేయడానికి కూర్చుంటే చెడ్డ పోర్టే వస్తుంది. ఎందుకో అసలు కోడ్‌లోనే చూద్దాం.

1993 నాటి మూడు అంకెలు

ఐడీ సాఫ్ట్‌వేర్ ‘డూమ్’ను 1993 డిసెంబరు 10న వదిలింది, దాని సోర్స్ కోడ్‌ను 1997 డిసెంబరులో బయటపెట్టింది. ఆటగాడు నొక్కిన మీటలను ఆట అడుగులుగా మార్చే ఫైల్ పేరు జి_గేమ్. దాన్ని తెరవండి. అందులో యాంగిల్‌టర్న్ అనే చిన్న పట్టిక ఉంటుంది. అందులో ఉన్నవి మూడే అంకెలు: 640, 1280, 320.

ఈ కోడ్‌లో ఒక పూర్తి చుట్టు అంటే 65,536 యూనిట్లు. ఆట సెకనుకు 35 టిక్‌లుగా, అంటే 35 చిన్న అడుగులుగా నడుస్తుంది. నడుస్తూ తిరిగేటప్పుడు టిక్‌కి 640 యూనిట్లు, అంటే సుమారు 3.5 డిగ్రీలు. సెకనుకు 123 డిగ్రీలు పడుతుంది. పరుగు మీట పట్టుకుంటే 1280, సెకనుకు 246 డిగ్రీలు, చుట్టూ తిరిగి రావడానికి దాదాపు సెకనున్నర. మరి 320 దేనికి? తిరిగే మీట నొక్కిన మొదటి కొద్ది టిక్‌ల పాటు, సెకనులో ఆరో వంతు కూడా పట్టని ఆ కాస్త సమయంలో, ఆట కావాలనే నెమ్మదిగా తిప్పుతుంది. మీటను టక్కున తట్టి వదిలితే చూపు కొంచెమే జరగాలని, పట్టుకునే ఉంటే వేగం అందుకోవాలని ఈ ఏర్పాటు.

ఇది చాలా తెలివైన పని. మీటకి నొక్కడం, వదలడం తప్ప ఇంకేమీ తెలియదు. దానికి కాలాన్ని జోడించి మెల్లగా, వేగంగా అనే రెండు మెట్లు సృష్టించారు. అప్పటి కన్సోళ్లలో ఎక్కువ వాటికి ఉన్నది నాలుగు దిక్కులకీ నొక్కే డీ-ప్యాడే. ప్లేస్టేషన్‌కి కూడా రెండు స్టిక్‌ల డ్యూయల్‌షాక్ 1997లో గానీ రాలేదు. డీ-ప్యాడ్ కూడా నొక్కడం, వదలడమే కాబట్టి కీబోర్డు కోసం రాసిన ఈ కిటుకు దానికి అతికినట్టు సరిపోతుంది.

అదే ఫైల్‌లో మౌస్ వరుస కూడా చూడండి. మౌస్ నుంచి వచ్చిన అంకెను 8తో గుణించి నేరుగా తిరుగుడులో కలిపేస్తారు. పైన హద్దు ఏమీ పెట్టలేదు. ఒకే టిక్‌లో పావు చుట్టు తిరగాలంటే తిరగొచ్చు. జాయ్‌స్టిక్ వరుస చూస్తే నవ్వొస్తుంది. అది ఎడమకి ఉందా కుడికి ఉందా అని మాత్రమే అడుగుతుంది, ఎంత తోశారో అడగదు. కొంచెం తోసినా పూర్తిగా తోసినా తేడా లేదు. ఇవాళ్టి ప్యాడ్‌ని తెచ్చి ఈ వరుసకి తగిలిస్తే మంచి స్టిక్‌ని డీ-ప్యాడ్‌గా దిగజార్చినట్టే. మన పని ఇక్కడ మొదలవుతుంది.

ముందు డెడ్ జోన్

స్టిక్‌ని వదిలేసినా అది సరిగ్గా సున్నా దగ్గర నిలవదు. కొంచెం అరిగిన ప్యాడ్ అయితే మరీను. అందుకే మధ్యలో కొంత మేర తోపును, అంటే స్టిక్‌ని తోసిన మొత్తాన్ని, లెక్కలోకి తీసుకోకూడదు. ఆ మేరే డెడ్ జోన్. ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌ల కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చే కోడ్‌లో కుడి స్టిక్‌కి సూచించిన డెడ్ జోన్ 32,767లో 8,689, అంటే పాతిక శాతం దాటింది. గురి చూసే ఆటకి ఇది నాకు ఎక్కువే అనిపిస్తుంది. పూర్తి తోపు 1 అనుకుని 0.2తో మొదలుపెట్టండి.

కొత్తవాళ్లు దాదాపు అందరూ ఇక్కడ చేసే తప్పు ఒకటుంది. 0.2 లోపు ఉంటే సున్నా, దాటితే ఉన్న విలువ ఉన్నట్టే పంపిస్తారు. అప్పుడు స్టిక్ 0.19 దగ్గర చూపు కదలదు, 0.21 దగ్గర ఒక్కసారిగా అయిదో వంతు వేగంతో దూకుతుంది. సన్నటి గురి అక్కడితో పోయింది. మిగిలిన మేరను సున్నా నుంచి ఒకటి దాకా మళ్లీ సాగదీయాలి:

కొత్త తోపు = (అసలు తోపు − 0.2) ÷ 0.8

ఇప్పుడు 0.21 తోపు 0.0125 అవుతుంది. అంటే చూపు దూకకుండా పాకుతూ మొదలవుతుంది.

‘డూమ్’లో పైకీ కిందికీ చూడటం లేదు కాబట్టి ఒక దిశ చాలు. 1996లో వచ్చిన ‘క్వేక్’ లాంటి వాటికి రెండు దిశలూ కావాలి. అప్పుడు అడ్డానికీ నిలువుకీ విడివిడిగా డెడ్ జోన్ పెట్టకండి. మధ్య నుంచి స్టిక్ ఎంత దూరం జరిగిందో ముందు లెక్కగట్టి, ఆ దూరానికే పెట్టాలి. విడివిడిగా పెడితే ఏటవాలుగా తిప్పబోయిన చూపు అడ్డంగానో నిలువుగానో అతుక్కుపోతుంది.

తర్వాత వంపు

తోపుకీ వేగానికీ మధ్య గీత తిన్నగా ఉంటే చిన్న సర్దుబాట్లకి చోటుండదు. అందుకే తోపును దానితోనే గుణిస్తాం. పై సూత్రంలో అసలు తోపు 0.6 అనుకోండి. సాగదీస్తే 0.5. వర్గం చేస్తే 0.25. గరిష్ఠ వేగం ఐడీవాళ్ల పరుగు అంకె 1280 అనుకుంటే 1280లో పావు వంతు 320. చూశారా, 1993లో మీట కోసం పెట్టిన ‘మెల్లగా’ అంకె దగ్గరికే వచ్చి చేరాం. ఇది కాకతాళీయమే గానీ ఉపయోగపడే కాకతాళీయం. సగం తోపు మెల్లటి గురికి, చివరి కొస వెనక్కి తిరగడానికి అని చేతికి అలవాటవుతుంది. ఘనం చేస్తే సగం తోపుకి ఎనిమిదో వంతే వస్తుంది. దూరం నుంచి గురిపెట్టే రైఫిల్ ఆటలకి అది బాగుంటుందేమో గానీ, ‘డూమ్’ లాంటి పరుగుల ఆటకి చేతులు బరువెక్కినట్టుంటుంది.

ఈ విలువని ఫ్రేముకి, అంటే తెర మీద గీసే ఒక్కో బొమ్మకి, ఇంత అని ఎప్పుడూ కలపకండి. ఫ్రేముకి 4 డిగ్రీలు అని రాస్తే 60 ఫ్రేముల దగ్గర సెకనుకు 240 డిగ్రీలు తిరుగుతుంది. గదిలోకి పదిమంది రాక్షసులు వచ్చి ఫ్రేమ్ రేట్ 30కి పడిందా, మీ చూపు కూడా 120కి పడుతుంది. సరిగ్గా టెన్షన్‌లో ఉన్నప్పుడే చెయ్యి మొద్దుబారిందేమో అనిపిస్తుంది. ‘డూమ్’ లాగా స్థిరమైన టిక్‌కి గానీ, గడిచిన కాలానికి గానీ ముడిపెట్టండి.

ఇక సాయం సంగతి

ఆటో ఎయిమ్ కన్సోల్ వాళ్లకి పెట్టిన భిక్ష అనుకునేవాళ్లు ‘డూమ్’ తుపాకీ కోడ్ చదవాలి. పీసీలోనే, మౌస్ పట్టుకున్నవాడికే, ఆట గురి సాయం చేస్తోంది. ఎత్తులో ఉన్న రాక్షసుణ్ణి తాకడానికి గుండు ఏ కోణంలో వెళ్లాలో ఆటే వెతుకుతుంది. ముందు తిన్నగా ఒక గీత గీసి చూస్తుంది. ఎవరూ దొరక్కపోతే 5.6 డిగ్రీలు ఎడమకి, అక్కడా లేకపోతే అంతే కుడికి. 1024 యూనిట్ల దూరం దాకా ఈ వెతుకులాట ఉంటుంది. మామూలు గుండు విషయంలో పక్కగీతల నుంచి తీసుకునేది ఎత్తు మాత్రమే. రాకెట్ అయితే ఆ పక్క దిశలోకే తిరిగి బయల్దేరుతుంది.

ఇందులో లోపం కూడా ఉంది. అవి మూడు గీతలే. ఇంప్ అనే రాక్షసుడి వెడల్పు 40 యూనిట్లు. 1024 దూరంలో అది రెండు డిగ్రీలకు కొంచెం ఎక్కువ అంతే. మీ గురికి మూడు డిగ్రీల పక్కన నిలబడ్డ ఇంప్ గీతల మధ్య ఖాళీలో పడి సాయానికి అందడు. అయిదున్నర డిగ్రీల పక్కన ఉన్నవాడు అందుతాడు. మీరు కొత్తగా రాసేటప్పుడు గీతలు కాకుండా, లక్ష్యం మీ చూపు నుంచి ఎన్ని డిగ్రీల దూరంలో ఉందో కొలవండి. అన్నిటికన్నా దగ్గరవాణ్ణి ఎంచుకోండి. వాడికీ మీకూ మధ్య గోడ ఉందేమో చూడటం మరవకండి. గోడ అవతల దాక్కున్నవాడి మీదకి చూపు లాగితే ఆటే చాడీ చెప్పినట్టు.

స్టిక్‌కి బాగా పనికొచ్చేది గురి చిక్కబడటం. క్రాస్‌హెయిర్, అంటే తెర మధ్య గురి గుర్తు, శత్రువు మీదకి రాగానే తిరిగే వేగాన్ని 0.6తో గుణిస్తాం. ఇందాక మూడోది కష్టమన్నాను కదా, ఆపడం. సరిగ్గా దానికే ఈ సాయం. మ్యాక్, పీసీల కోసం మొదలై చివరికి 2001లో ఎక్స్‌బాక్స్ మీద వచ్చిన ‘హేలో’ ఇలాంటి సాయాలను ఆడేవాడికి తెలియకుండా కలిపి, ప్యాడ్‌తో షూటర్ హాయిగా ఆడొచ్చని జనాన్ని ఒప్పించింది. అదే ఏడాది గేర్‌బాక్స్ ‘హాఫ్-లైఫ్’ను ప్లేస్టేషన్ 2కి తెచ్చినప్పుడు శత్రువు మీద చూపును కట్టేసే లాక్-ఆన్ ఇచ్చింది, కావాలంటే యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ కూడా తగిలించుకోమంది. లాక్-ఆన్ నాకు నచ్చదు. ఆపడం ఒక్కటే కాదు, గురి చూడటమే ఆట చేతుల్లోకి పోతుంది. ఇక మనకి మిగిలేది బటన్ నొక్కడం.

ఒక జాగ్రత్త. చూస్తున్న శత్రువు ముందు నుంచి ఇంకొకడు దాటితే చూపు వాడి దగ్గర జిగురులా అంటుకుంటుంది. ఆడేవాడు స్టిక్‌ని గట్టిగా, 0.9 దాటి తోస్తున్నాడంటే వెనక్కి తిరగాలని చూస్తున్నాడన్నమాట. అప్పుడు సాయం మొత్తం ఆపేయండి.

బటన్లు

దీన్ని తొందరగా ముగిస్తాను. పీసీలో ఆయుధాలు 1 నుంచి 7 దాకా అంకెల మీటల మీద ఉంటాయి. 1994లో ‘డూమ్’ వచ్చిన అటారీ జాగ్వార్ కన్సోల్ ప్యాడ్ మీద అంకెల పలకే ఉంది కాబట్టి అక్కడ చిక్కు రాలేదు. మిగతా ప్యాడ్‌ల మీద ఒకదాని తర్వాత ఒకటిగా తిప్పుకోవాలి. అలా తిప్పేటప్పుడు ఎదురుగా రాక్షసుణ్ణి పెట్టుకుని రాకెట్ లాంచర్ దగ్గర ఆగిపోతే మీ రాకెట్ మిమ్మల్నే చంపుతుంది. కనీసం ముందుకీ వెనక్కీ రెండు బటన్లు ఇవ్వండి.

నడక ఎడమ స్టిక్, చూపు కుడి స్టిక్ అనేది ఇవాళ అందరికీ సహజం. 2000లో ప్లేస్టేషన్ మీద వచ్చిన ‘ఏలియన్ రిసరెక్షన్’ అదే అమరిక పెట్టి సమీక్షల్లో తిట్లు తిన్నది. అందుకే సెట్టింగుల్లో అమరిక మార్చుకునే వీలు ఇవ్వండి, పైకీ కిందికీ తిరగేసే ఆప్షన్‌తో సహా.

అభ్యాసం

ఐడీవాళ్ల కోడ్ నుంచే ఇవాళ్టి కంప్యూటర్ల కోసం చేసిన ‘చాకొలెట్ డూమ్’ సోర్స్, దానితో ఆడటానికి ఉచితంగా దొరికే ‘ఫ్రీడూమ్’ బొమ్మల ఫైలు దించుకోండి. జి_గేమ్ ఫైల్‌లో జాయ్‌స్టిక్ వరుస వెతికి, అక్కడ డెడ్ జోన్, సాగదీత, వర్గం వరుసగా రాయండి. గరిష్ఠం 1280 ఉంచండి. ఏదో ఒక గది మధ్యలో నిలబడి పూర్తి తోపుతో ఒక చుట్టు తిరగండి. స్టాప్‌వాచ్‌లో సెకనున్నర దగ్గర రావాలి. మూడు సెకన్లు వస్తే మీ కోడ్ ఇంకా నడక అంకెనే వాడుతోంది. తర్వాత వర్గం తీసేసి తిన్నటి గీతతో, ఆ తర్వాత ఘనంతో అదే గదిలో ఆడండి. మీకు బాగున్న దాన్ని కాకుండా, ఇంతవరకు ప్యాడ్ ముట్టనివాళ్లు ఇంట్లో ఎవరుంటే వాళ్లకి బాగున్న దాన్ని రాసి పెట్టుకోండి. 5వ పాఠంలో టీవీ తెర దూరం, అక్షరాల సైజు, అంచుల్లో కనిపించకుండా పోయే భాగం చూద్దాం. అప్పుడు ఇదే బిల్డ్ మళ్లీ కావాలి, చెరపకండి.