పాత అవుట్‌బోర్డ్ ఇంజనుకు ప్రొపెల్లర్ వెతుకుతున్నారా? ముందు షాఫ్టు చూడండి

మా బావమరిదికి పులికాట్‌లో ఒక ఫైబర్ బోటు ఉంది. దానికి వెనక బిగించే యమహా 15 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజను. మావాడి దగ్గరికి వచ్చేసరికే అది ముగ్గురి చేతులు మారింది. నేనుండేది చెన్నై రాయపురంలో, బతుకంతా లేతు పని. ఆ ఇంజనుకు ఏ నట్టు విప్పాలన్నా ఫోను నాకే వస్తుంది. రెండేళ్ల కిందట ఒక తెల్లవారుజామున కూడా అలాగే వచ్చింది. “బావా, ఇంజను గొంతు చించుకుంటోంది, బోటు మాత్రం కదలట్లేదు” అన్నాడు. అప్పటికే ముఖద్వారం దాటి సముద్రంలో ఉన్నాడు. బోటులో ఇంకో ఇద్దరు, వలలు, ఐసు పెట్టె. పక్క బోటు వాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. వాళ్లు ఒడ్డు చేరారని ఫోను వచ్చేదాకా మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఆ తర్వాత మూడు వారాలు ప్రొపెల్లర్ కోసం తిరిగాను. తెలిసింది ఇది: పాత ప్రొపెల్లర్ మీదున్న నంబరు చూసి కొత్తది కొనకండి. చేతులు మారిన ఇంజనుకు ఇప్పుడున్నది అసలుదో కాదో ఎవరూ చెప్పలేరు. ఎవరో దొరికింది బిగించి ఉండొచ్చు. ఇంజను ఏం అడుగుతోందో ఇంజనునే చూసి తెలుసుకోవాలి.

అసలు మార్చాలా వద్దా అన్నది మొదట తేల్చుకోండి. ఇంజను అరుస్తూ బోటు కదలకపోతే చాలాసార్లు తప్పు రెక్కలది కాదు, లోపలి రబ్బర్ బుష్‌ది. షాఫ్టు (ప్రొపెల్లర్‌ను తిప్పే కడ్డీ) మీద కూర్చునేది గాళ్లున్న, అంటే పొడవునా గాడులు కోసిన, ఒక గొట్టం. దాని చుట్టూ రబ్బరు, ఆ రబ్బరును పట్టుకుని అల్యూమినియం రెక్కలు. రెక్క ఇసుకకో రాయికో తగిలితే ఆ దెబ్బ గేర్ల దాకా పోకుండా రబ్బరు మింగుతుంది. ఏళ్ల తరబడి ఉప్పునీళ్లలో నాని, ఎండలో ఎండి, అది పట్టు వదిలేస్తుంది. అది జారుతోందో లేదో చూడాలంటే నెయిల్ పాలిష్ చాలు. మా ఆవిడ సీసా పట్టుకెళ్లాను. ప్రొపెల్లర్‌ను వెనక నుంచి చూస్తూ, లోపలి గొట్టం అంచు నుంచి రబ్బరు మీదుగా అల్యూమినియం దాకా ఒకే గీత గీశాను. ఆరనిచ్చి, ఒడ్డు పక్కనే రెండు నిమిషాలు ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, ఇంజను ఆపి పైకెత్తాం. గీత రెండు ముక్కలైంది. లోపలి ముక్క పావు చుట్టు పక్కకు జరిగిపోయింది. ఇక అనుమానం లేదు.

నడి సముద్రంలో మీకిలా అయితే థ్రాటిల్ బాగా తగ్గించి చూడండి. జారిన బుష్ కూడా తక్కువ బలానికి చాలాసార్లు పట్టుకుంటుంది, నెమ్మదిగా ఒడ్డుకు రావచ్చు. ఆ రోజు మావాడికి ఈ మాట చెప్పాలని నాకు తెలియదు.

రెక్కలు బాగుంటే ప్రెస్సు మీద పాత బుష్ తోసేసి కొత్తది దించవచ్చు. మా దాని రెక్కలు ఇసుకలో అరిగి, అంచులు కోడి ఈకల్లా చీలి ఉన్నాయి, కాబట్టి మార్చాల్సిందే. మరీ చిన్న, మరీ పాత ఇంజన్లలో గాళ్లకు బదులు షియర్ పిన్ ఉంటుంది. దెబ్బ తగిలితే విరిగిపోవడానికే దాన్ని మెత్తగా చేస్తారు. దాని చోట మేకు ముక్కో స్టీలు కడ్డీయో పెడితే ఈసారి విరిగేది గేరు.

పాత ప్రొపెల్లర్‌ను సంచిలో వేసుకుని చెన్నై ప్యారిస్ కార్నర్ వెనక వీధుల్లోకి పోయాను. ఒక దుకాణంలో దాన్ని చేత్తో తిప్పి చూసి, “ఇదే సార్, కరెక్టుగా కూర్చుంటుంది” అని ఒకటి ఇచ్చారు. అరవై కిలోమీటర్లు పోయి బిగించబోతే షాఫ్టు మీదికి ఎక్కనే లేదు. మా షాఫ్టుకు గాళ్లు ఎనిమిది, నేను తెచ్చినదానికి పది. అది 25 హార్స్‌పవర్ ఇంజనుది.

కాబట్టి బయల్దేరే ముందు చేయాల్సిన పని ఇది. స్పార్క్ ప్లగ్గుల క్యాపులు పీకేయండి, అప్పుడు ప్రొపెల్లర్ తిప్పినా ఇంజను అందుకోదు. రెక్కకూ దానిపైన అడ్డంగా ఉండే ప్లేటుకూ మధ్య చెక్క ముక్క అడ్డం పెట్టి నట్టు విప్పండి. షాఫ్టును డీజిల్ గుడ్డతో తుడవండి. ఒక గాడి మీద మార్కర్‌తో చుక్క పెట్టి, అక్కణ్నించి గాళ్లు లెక్కపెట్టండి. చుక్క లేకపోతే ఎనిమిది తొమ్మిదవుతుంది. టూ స్ట్రోక్ యమహాల్లో నా చేతికి వచ్చినవి చెప్తాను: 15కు ఎనిమిది, 25, 30లకు పది, 40కి పదమూడు. ప్రొపెల్లర్ మీద కొలత పక్కన ఒక ఇంగ్లిష్ అక్షరం కూడా పోతపోసి ఉంటుంది. 15కు జె, 25, 30లకు ఎఫ్, 40కి జి. అది ఏ గేరు కేసుకు (కింద గేర్లుండే పెట్టెకు) చెందిందో చెప్పే అక్షరం. కొలత ఎంత బాగా కుదిరినా ఈ అక్షరం కుదరకపోతే ఆ ప్రొపెల్లర్ మీది కాదు.

తర్వాత పొగ ఎటు పోతుందో చూడండి. కొన్నిటిలో అది ప్రొపెల్లర్ మధ్య బోలు గుండా వెనక్కి పోతుంది, మరికొన్నిటిలో ప్లేటు కింద నుంచి బయటికొస్తుంది. బోలు గుండా పోయే ఇంజనుకు ప్రొపెల్లర్ ముందు అంచు గేరు కేసు వెనక అంచుకు సరిగ్గా జతపడాలి. సందు ఎక్కువైతే పొగ రెక్కల్లోకి చేరుతుంది, రెక్కలు నీళ్లను వదిలి గాలిని కోస్తాయి.

ఇక కొలతలు. 9¼ × 9 అంటే మొదటిది వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లో. మూడు రెక్కలదానికి వ్యాసం అడ్డంగా కొలవలేం. షాఫ్టు రంధ్రం మధ్య నుంచి బాగా ఉన్న రెక్క కొన దాకా కొలిచి రెండింతలు చేయండి. పిచ్ అంటే ఒక్క చుట్టులో, నీళ్లు జారకుండా మరమేకులా పోతే ఎంత ముందుకు పోతుందో ఆ దూరం.

నంబరు అరిగిపోయినా పిచ్ తెలుసుకోవచ్చు. మా లేతు పక్కన నేను చేసింది చెప్తాను. డ్రాయింగు షీటు మీద వృత్తం గీసి, ప్రొపెల్లర్‌ను దాని మధ్యలో నిటారుగా నిలబెట్టాను. కొనకు కొంచెం లోపలగా, ఒకే వృత్తం మీదికి వచ్చేలా రెక్క వెనక ముఖం మీద రెండు చుక్కలు పెట్టాను. మూలమట్టంతో రెండు చుక్కలనూ కాగితం మీదికి దించి, వాటి మధ్య కోణం కొలిచాను: 60 డిగ్రీలు. కాగితం నుంచి రెండు చుక్కల ఎత్తుల్లో తేడా 2 అంగుళాలు. 2ను 360తో గుణించి 60తో భాగిస్తే 12. అంటే మా పాతది 12 పిచ్. రెండు చుక్కల మధ్య రెక్క వంగి లేని చోటే ఈ లెక్క చేయండి.

పన్నెండు అని తెలిశాక నాకు టెన్షన్ మొదలైంది. ముగ్గురు మనుషులు, తడి వలలు, ఐసుతో పోయే బోటుకు 15 హార్స్‌పవర్ మీద 12 పిచ్ చాలా బరువు. సైకిలు మీద బస్తా వేసుకుని ఎత్తెక్కినట్టు ఇంజను ఈడుస్తూ ఉంటుంది. అలా ఏళ్లు నడిపితే బొగ్గు పేరుకుంటుంది, పిస్టను వేడెక్కుతుంది. మావాడు “కార్బన్ ఎక్కువ, బావా” అని ఎన్నిసార్లు అన్నాడో. నేను ఆయిలు మార్చమన్నానే తప్ప ప్రొపెల్లర్ వంక చూడలేదు.

నిజం చెప్పేది టాకోమీటర్, అంటే ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటర్. ప్లగ్గు వైరుకు తీగ చుట్టుకునే చిన్న మీటర్ చాలు. కొన్ని రెండు సిలిండర్ల ఇంజన్లలో ఒకే కాయిల్ రెండు ప్లగ్గులకూ కలిపి మెరుపిస్తుంది, అప్పుడు మీటర్ రెట్టింపు చూపిస్తుంది. న్యూట్రల్‌లో ఐడిల్ ఉండాల్సినదానికి రెట్టింపు చూపిస్తే సెట్టింగు మార్చుకోండి. తర్వాత రోజూ వేసే బరువంతా వేసి, ఫుల్ థ్రాటిల్‌లో చూడండి. ఖాళీ బోటుతో చూస్తే ఆ అంకెకు విలువ లేదు. మా ఇంజను పుస్తకంలో ఫుల్ థ్రాటిల్‌కు 4,500 నుంచి 5,500 అని ఉంది. పక్క బోటు నుంచి అదే 12 పిచ్ ప్రొపెల్లర్ ఒకటి అడిగి బిగించి చూస్తే 4,150 దాటలేదు. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 పెరుగుతాయి. చిన్న ఇంజన్లలో ఇంకొంచెం ఎక్కువే. మూడంగుళాలు తగ్గించి 9 పిచ్ తీసుకున్నాం, 4,800 వచ్చింది. గేరు 2.08కి ఒకటి, ఇంజను 2.08 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు; అంటే ప్రొపెల్లర్ నిమిషానికి సుమారు 2,300 చుట్లు. లెక్క ప్రకారం గంటకు దాదాపు 32 కిలోమీటర్లు పోవాలి. ఫోను జీపీఎస్‌లో 20 చూపించింది. మిగతాది నీళ్లలో జారిపోయేది, బరువు బోటుకు అది మామూలే. పిచ్ తగ్గితే వేగం తగ్గుతుందని మావాడు భయపడ్డాడు. కానీ 12 పిచ్‌దానితో వచ్చింది 17 మాత్రమే.

5,500 దాటితే పిచ్ తక్కువైనట్టు, అదీ ఇంజనుకు మంచిది కాదు.

ఇంజను ఏ మోడలో తేల్చుకుంటే వెతకడం తేలిక. బోటుకు బిగించే బ్రాకెట్ మీద ప్లేటు ఉంటుంది. ఉప్పు తినేసి ఉంటే పల్చని కాగితం వేసి పెన్సిల్‌తో రుద్దండి, అక్షరాలు తేలతాయి. జాన్సన్, ఎవిన్‌రూడ్ ఇంజన్లు ఉన్నవాళ్లకు ఒక సంగతి. 1980 నుంచి వచ్చిన మోడళ్లలో ఏడాది అక్షరాల్లో దాచి ఉంటుంది. ‘ఇంట్రడ్యూసెస్’ అనే ఇంగ్లిష్ మాటను అక్షరాలుగా విడదీయండి: ఐ 1, ఎన్ 2, టి 3, ఆర్ 4, ఓ 5, డి 6, యు 7, సి 8, ఇ 9, ఎస్ సున్నా. మోడల్ నంబరు చివర్లో సి, యు పక్కపక్కన ఉంటే అది 1987ది. వాటిని చేసిన ఓఎంసీ కంపెనీ 2000లో దివాలా తీసింది. తర్వాత ఎవిన్‌రూడ్ చేసిన బీఆర్‌పీ కంపెనీ కూడా 2020లో ఆపేసింది. అయినా ప్రొపెల్లర్లకు కరువు లేదు. సోలాస్, మిచిగన్ వీల్ లాంటివాళ్లు పాత మోడళ్లకూ చేస్తారు, ఏ ఇంజనుకు ఏదో వాళ్ల పట్టికల్లో ఉంటుంది. గాళ్లు, హార్స్‌పవర్, మోడల్, వ్యాసం, పిచ్ ఒక కాగితం మీద రాసుకుని పట్టిక ముందు కూర్చోండి.

పాతదాన్ని అచ్చు తీసి ఇసుక పోతలో కొత్తది పోయించమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. లోపల బుడగలున్న పోత, మూడు రెక్కలకూ సమానంగా లేని బరువు కలిస్తే షాఫ్టు వణికి, నీళ్లు లోపలికి రాకుండా ఆపే సీలు పోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కూడా పులికాట్‌లాంటి లోతు లేని నీళ్లకు వద్దంటాను. అల్యూమినియం రెక్క వంగి దెబ్బ తీసుకుంటుంది, స్టీలు ఆ దెబ్బను గేర్లకు పంపుతుంది.

బిగించేటప్పుడు షాఫ్టుకు నీళ్లకు కరగని మెరైన్ గ్రీజు దండిగా రాయండి, లేకపోతే మరుసటి ఏడాది సుత్తితో కొట్టినా రాదు. ప్రొపెల్లర్ ముందుండే థ్రస్ట్ వాషర్ పాతదానికి అతుక్కుని పోయిందేమో చూసుకోండి. అది లేకుండా బిగిస్తే ప్రొపెల్లర్ గేరు కేసును కోస్తుంది. వాషర్ వెనక షాఫ్టుకు నైలాన్ నూలు చుట్టుకుని ఉందేమో కూడా చూడండి. మాదానికి చిటికెన వేలంత మందాన, గాజులా మెరుస్తూ బిగుసుకుని ఉంది. బ్లేడుతో కోసి తీశాక గేరు ఆయిలు వదిలితే పాలలా తెల్లగా వచ్చింది. నూలు సీలు కోసేసింది, నీళ్లు లోపలికి పోయాయి. సీలు మార్చి, ఆయిలు పోసి, ఆ తర్వాతే కొత్త ప్రొపెల్లర్ ఎక్కించాం.

నట్టు ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ ప్రతిసారీ కొత్తదే వేయండి. మొదటి ట్రిప్పు తర్వాత పిన్ను తీసి నట్టు బిగువు చూసి, మళ్లీ కొత్త పిన్ను వేయండి. మావాడి బోటులో ఇప్పుడు ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది: ఒక నట్టు, ఒక థ్రస్ట్ వాషర్, నాలుగు పిన్నులు, ప్లయర్, నట్టుకు సరిపోయే పానా, ఒక చెక్క ముక్క. మూత మీద మా ఆవిడ నెయిల్ పాలిష్‌తోనే రాశాను: 8 గాళ్లు, 9¼ × 9, జె.