నొప్పి తెలియని బిడ్డ కోసం వంశవృక్షం గీయడం ఎలా

నేను హైదరాబాద్‌లో జెనెటిక్ కౌన్సెలర్‌ని. కాలు కాలినా ఏడవని పాపను ఎత్తుకుని వచ్చే తల్లులకు ముందు ఒకటే చెబుతాను: రక్తపరీక్ష కంటే ముందు తెల్లకాగితం తీసుకోండి.

కనీసం మూడు తరాలు గీయండి. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా. జబ్బున్నవాళ్ల బొమ్మను నల్లగా నింపండి. మేనరికమైతే భార్యాభర్తల మధ్య జంట గీత వేయండి. చాలామంది ఇక్కడే తటపటాయిస్తారు. దయచేసి దాచకండి, మాకు అన్నిటికంటే పనికొచ్చేది ఆ గీతే. 2006లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త జెఫ్రీ వుడ్స్ బృందం ఉత్తర పాకిస్తాన్‌కు చెందిన మూడు కుటుంబాల్లో, దగ్గరి బంధువుల పెళ్లిళ్ల ఆధారంగానే నొప్పి తెలియకపోవడానికి కారణమైన ఎస్‌సీఎన్9ఏ అనే జన్యువును పట్టుకుంది. వాళ్ల దృష్టికి మొదట వచ్చిన బాలుడు చేతుల్లో కత్తులు గుచ్చుకుని వీధి ప్రదర్శనలిచ్చేవాడు. 14 ఏళ్లు నిండకముందే ఇంటి కప్పు మీంచి దూకి చనిపోయాడు. ఈ జన్యువుకు అమ్మానాన్నల నుంచి వచ్చిన రెండు ప్రతులూ పాడైతే నొప్పి కబురు మెదడుకు చేరదు.

తర్వాత అమ్మమ్మను, నాయనమ్మను కూర్చోబెట్టి అడగండి. పళ్లొచ్చే వయసులో ఎవరైనా నాలుక కొరుక్కున్నారా? ఎముక విరిగినా నడిచారా? వాసన తెలియనివాళ్లున్నారా? చెమట పట్టక జ్వరాలొస్తే తప్పక రాయండి, అప్పుడు మేం వెతికే జన్యువు వేరు.

పాదాలు ఎర్రబడి మండితే, చన్నీళ్లలో పెట్టుకుంటేనే ఉపశమనం ఉంటే అది దీనికి తలకిందులు. ఇక్కడ ఎస్‌సీఎన్9ఏ జన్యువే అతిగా పనిచేస్తుంది, ఒక్క ప్రతి మారినా చాలు. అలాంటప్పుడు ప్రతి తరంలోనూ వెతకండి.

కాగితంతోపాటు పాత ఎక్స్‌రేలు, గాయాల ఫొటోలు తెచ్చుకోండి.