వానాకాలంలో పచ్చి ఆకుల సలాడ్ చేస్తున్నారా? ఈ జాగ్రత్తలు తప్పనిసరి

ఎండాకాలమంతా ఇష్టంగా తిన్న లెట్యూస్, కీరా, పుదీనా పెరుగు డ్రెస్సింగ్ సలాడ్‌ను తొలకరి పడగానే మానేయాల్సిన పని లేదు. కానీ మే నెలలో చేసినట్టే జులైలోనూ చేస్తే కుదరదు. పాలకూరను పప్పులో వేసినప్పుడు కడగడంలో కాస్త అటూ ఇటూ అయినా కుక్కర్ వేడికి క్రిములు చచ్చిపోతాయి. సలాడ్‌కు ఆ అవకాశం లేదు. పొయ్యి ఎక్కని వంట కాబట్టి కడగడం, ఆరబెట్టడం, చల్లగా ఉంచడం, వెంటనే తినేయడం, ఈ నాలుగింటిలో ఏదీ వదలకూడదు.

చాతుర్మాస్య దీక్ష పట్టేవాళ్ళు మొదటి నెల శాకవ్రతమని కూరలు మానేస్తారు, రెండో నెల దధివ్రతమని పెరుగు మానేస్తారు. మన సలాడ్‌లో ఉండేవి సరిగ్గా ఈ రెండే. వ్రతం ఉద్దేశం వేరు కావచ్చు గానీ, ఈ నెలల్లో ఆకును, పెరుగును కాస్త అనుమానంగా చూడటం మాత్రం మంచిదే.

వాన పడితే ఆకుకూర మడిలో బురద చింది ఆకు అడుగుకు అంటుకుంటుంది. కాలువలు, డ్రైనేజీలు పొంగి ఆ నీళ్ళు పొలాల్లోకి వస్తాయి. హైదరాబాద్ చుట్టుపక్కల మూసీ నీటితో ఆకుకూరలు పండించడం ఎప్పటి నుంచో ఉన్నదే. టైఫాయిడ్, కామెర్లు, అమీబా వల్ల వచ్చే జిగట విరేచనాలు (అమీబియాసిస్) ఇలాంటి నీటితోనే వస్తాయి. తిన్న మర్నాడు ఏమీ కాలేదు కదా అని ధీమా పడొద్దు. టైఫాయిడ్ బయటపడటానికి ఒకటి నుంచి మూడు వారాలు, హెపటైటిస్ ఎ కామెర్లకు రెండు నుంచి ఏడు వారాలు పట్టొచ్చు. అప్పటికి ఆ సలాడ్ సంగతి ఎవరికీ గుర్తుండదు.

రైతుబజార్‌లో కొత్తిమీర కొనేటప్పుడు పైనుంచి చూసి తీసుకోకండి. కట్టు విప్పి మధ్యలో వేలు పెట్టి చూడండి. వానలో తడిసిన కట్ట పైకి పచ్చగా నిగనిగలాడుతుంది, లోపల మాత్రం ఆకులు నల్లబడి జిగురుగా చేతికి అంటుకుంటాయి, ముక్కు దగ్గర పెడితే కుళ్ళు వాసన వస్తుంది. అలాంటి కట్ట పచ్చడికైనా వద్దు. లెట్యూస్ అయితే విడి ఆకులుగా తరిగి అమ్మేదాని కంటే మొత్తం గడ్డగా ఉన్నది నయం. పైన రెండు మూడు ఆకులు తీసి పారేయొచ్చు.

ఇక కడగడం. చాలామంది ఆకును చిల్లుల గిన్నెలో వేసి కుళాయి కింద తిప్పేసి అయిందనుకుంటారు. అలా చేస్తే మట్టి పోదు. వేర్లు కోసేసి, ఆకులు విడదీసి, పెద్ద గిన్నె నిండా నీళ్ళు పోసి అందులో వేయండి. చేత్తో నెమ్మదిగా కదిపి రెండు మూడు నిమిషాలు వదిలేస్తే మట్టి అడుక్కి దిగుతుంది. అప్పుడు ఆకులను రెండు చేతులతో పైకి తీయాలి. గిన్నెను ఆకులతో సహా వంపేస్తే అడుగునున్న ఇసుక మళ్ళీ ఆకు మీదకే వస్తుంది. గిన్నె అడుగున చేత్తో రాసి చూడండి, గరుకు తగులుతున్నంతవరకు నీళ్ళు మారుస్తూనే ఉండాలి.

ఉప్పు నీళ్ళలో నానబెడితే ఆకు మడతల్లోని చిన్న పురుగులు బయటికి వస్తాయి, అంతవరకు మంచిదే. క్రిముల విషయంలో మాత్రం ఉప్పును, వెనిగర్‌ను నమ్ముకోవద్దు. సబ్బు, గిన్నెలు తోమే లిక్విడ్ అసలే వాడకండి, ఆకు వాటిని పీల్చుకుంటుంది. వానాకాలంలో కుళాయి నీళ్ళనూ నమ్మలేం, పైపు పగిలిన చోట మురుగు కలుస్తుంది. అందుకే చివరిసారి తప్పకుండా కాచి చల్లార్చిన నీళ్ళతోనో, తాగునీటి కోసం అమ్మే క్లోరిన్ బిళ్ళను ప్యాకెట్ మీద చెప్పిన కొలతలో వేసిన నీళ్ళతోనో కడగండి. ఎంత కడిగినా క్రిములు తగ్గుతాయే కానీ పూర్తిగా పోవు. కాబట్టి తర్వాత చెప్పేవీ అంతే ముఖ్యం.

కడిగిన ఆకును శుభ్రమైన పొడి కాటన్ గుడ్డ మీద పరిచి తడి పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉంటే డ్రెస్సింగ్ ఆకుకు పట్టదు, క్రిములు కూడా త్వరగా పెరుగుతాయి. చికెన్, చేపలు కోసిన కత్తిపీట, చాపింగ్ బోర్డు సలాడ్ దగ్గరికి రానీయకండి.

నిజానికి నాకు లెట్యూస్ కంటే డ్రెస్సింగ్‌లో వేసే కొత్తిమీర, పుదీనాల మీదే భయం ఎక్కువ. సన్నటి ఆకు, సందుల్లో మట్టి, పైగా మిక్సీలో రుబ్బుతాం. ఒక్క రెమ్మకు అంటుకున్నది గిన్నెంతా కలిసిపోతుంది. సైక్లోస్పోరా అనే పరాన్నజీవి కారణంగా 2015లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ మెక్సికోలోని ప్యూబ్లా రాష్ట్రపు కొత్తిమీర ఏటా ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా దేశంలోకి రాకుండా ఆంక్ష పెట్టింది. ఆ పరాన్నజీవి క్లోరిన్‌కు కూడా లొంగదు. వేడి తగలాల్సిందే. కాబట్టి కడిగిన కొత్తిమీర, పుదీనాలను మరిగే నీళ్ళలో అర నిమిషం ముంచి, వెంటనే కాచి చల్లార్చిన చల్లటి నీళ్ళలో వేయండి. రంగు ఇంకా పచ్చగా నిలుస్తుంది, పసరు వాసన పోతుంది. పుదీనా ఘాటు కొంచెం తగ్గుతుంది, రెండు ఆకులు ఎక్కువ వేసుకుంటే సరి.

నీళ్ళు గట్టిగా పిండేసిన గుప్పెడు కొత్తిమీర, పది పన్నెండు పుదీనా ఆకులు, చిన్న వెల్లుల్లి రెబ్బ, వేడినీళ్ళలో నానబెట్టిన ఐదారు జీడిపప్పులు, ఉప్పు, మిరియాల పొడి, ఒక చెంచా నిమ్మరసం మెత్తగా రుబ్బండి. కప్పు గట్టి పెరుగును మాత్రం మిక్సీలో వేయకుండా చేత్తో కలపాలి, లేకపోతే మజ్జిగలా పలచబడుతుంది. పెరుగును గుడ్డలో కట్టి సింక్ కుళాయికి వేలాడదీసే అలవాటు ఈ కాలంలో వదిలేయండి. జల్లెడలో గుడ్డ వేసి, కింద గిన్నె పెట్టి, ఫ్రిజ్‌లోనే రెండు గంటలు ఉంచండి.

పెరుగు బదులు ఇంట్లో పచ్చి గుడ్డుతో మయోనైజ్ చేద్దామనుకుంటే వద్దు. సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో పచ్చి గుడ్డు మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది కూడా. మొలకలు చల్లే అలవాటుంటే వాటినీ ఆవిరి మీద ఉడికించి వేయండి. 2011లో జర్మనీలో యాభై మందికి పైగా ప్రాణాలు తీసిన ఇ.కోలై బ్యాక్టీరియా మూలాలు మెంతి మొలకల దగ్గరే తేలాయి.

గర్భిణులకు, చిన్నపిల్లలకు, పెద్ద వయసు వాళ్ళకు, కీమోథెరపీలో ఉన్నవాళ్ళకు ఈ నెలల్లో పచ్చి ఆకు పెట్టకండి. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఇ కామెర్లు గర్భిణులకు ప్రాణం మీదకు తెస్తాయి. బీన్స్, క్యారెట్, స్వీట్‌కార్న్ ఉడికించి, పాలకూర ఆవిరి పట్టి, అదే డ్రెస్సింగ్‌ను తాజాగా కలిపి ఇవ్వండి. వాళ్ళను పక్కన కూర్చోబెట్టి మనం మాత్రం తినడం కంటే అందరికీ అదే చేస్తే ఇంకా బాగుంటుంది.

డ్రెస్సింగ్‌ను ఆకులో ముందుగా కలిపి ఉంచకండి, అందరూ కూర్చున్నాకే కలపండి. బయట పెట్టిన సలాడ్ రెండు గంటలకు మించి ఉండకూడదు, 32 డిగ్రీలు దాటిన ఉక్కపోత రోజున గంటే. కలిపింది మిగిలితే రాత్రికి దాచొద్దు, పారేయండి. విడిగా తీసిపెట్టిన డ్రెస్సింగ్ మూత ఉన్న గాజు సీసాలో, ఫ్రిజ్‌లో రెండు రోజులుంటుంది. మధ్యలో నాలుగైదు గంటలు కరెంటు పోతే మాత్రం అదీ వద్దు.