యాక్సిలరేటర్ నొక్కగానే కారు కింద గలగల: ఆ చప్పుడు ఎక్కడిదో పట్టుకోవడం ఎలా?

యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు కారు కింద చప్పుడు. కాలు తీస్తే ఆగిపోతుంది. ఇది వినగానే చాలామంది కారు కిందికి దూరి చేతికి అందినదల్లా కదిపి చూస్తారు, లేదా అనుమానం మీద ఏదో ఒక పార్టు మార్పించేస్తారు. దయచేసి అలా చేయకండి. చప్పుడు ఎప్పుడు వస్తోందో, ఎప్పుడు రావడం లేదో పది నిమిషాలు శ్రద్ధగా వినండి. వెతకాల్సిన చోటు అక్కడే సగానికి తగ్గిపోతుంది.

ముందు కారు ఖాళీ చేయండి

డిక్కీలో జాకీ, పానాలు గట్టిగా బిగించి ఉన్నాయా? స్టెప్నీ కదులుతోందా? సీటు కింద సీసా ఏదైనా దొర్లుతోందా? అన్నీ తీసేసి ఒకసారి నడిపి చూడండి. ఇంత చిన్న విషయమా అనిపిస్తుంది గానీ, వెనకనుంచి వచ్చే చప్పుడు కారు కిందనుంచి వస్తున్నట్టే వినిపిస్తుంది.

నిలబెట్టి వినండి

కారును ఆరుబయట నిలపండి. మూసి ఉన్న గ్యారేజీలో ఇంజిన్ నడపకూడదు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్ వేగాన్ని మెల్లగా 1500, 2000, 2500, 3000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాకా పెంచండి. ఇంకొకరిని పక్కన నిలబడి వినమనండి. కారు ముందు గానీ వెనక గానీ ఎవరూ ఉండకూడదు.

ఇక్కడే చప్పుడు వచ్చిందంటే మీ పని తేలికే. అది చాలావరకు సైలెన్సర్ వరుసలోనో, దాని మీద ఉండే రేకులోనో, ఇంజిన్ కింద బిగించే ప్లాస్టిక్ గార్డులోనో ఉంటుంది. ముఖ్యంగా ఏదో ఒక వేగం దగ్గర మాత్రమే, ఉదాహరణకు 2000 దగ్గర గలగలమని, కాస్త పెంచినా తగ్గించినా మాయమైపోతుంటే, వదులైన పలచటి రేకు ఇంజిన్ కంపనానికి తోడు పలుకుతోందని గట్టిగా అనుమానించవచ్చు.

న్యూట్రల్‌లో రాకుండా గేరులో బరువు లాగేటప్పుడే వస్తుంటే ఆలోచన మార్చాలి. బరువు పడినప్పుడు ఇంజిన్ తన చోటునుంచి కాస్త ఒరుగుతుంది. ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బరు పాడైతే ఆ ఒరుగు ఎక్కువై, సైలెన్సర్ గొట్టం కారు అడుగుభాగానికి కొట్టుకుంటుంది.

ఒక గోడ పక్కగా కిటికీలు దించి మెల్లగా నడిపితే చప్పుడు గోడకు తగిలి తిరిగొస్తుంది. అటోసారి ఇటోసారి వెళ్లి వస్తే ఏ వైపుదో తెలిసిపోతుంది. కాలు తీసినా చక్రాల వేగంతో పాటే చప్పుడు సాగుతుంటే మాత్రం అది వేరే సంగతి. బ్రేక్ డిస్కుకీ దాని వెనక రేకుకీ మధ్య చిన్న రాయి ఇరుక్కున్నా అలాగే ఉంటుంది.

ఇంకొకటి. ఎక్కువ గేరులో, తక్కువ వేగంలో, ఎత్తు ఎక్కుతూ గట్టిగా నొక్కినప్పుడు గలగలమని, గేరు ఒకటి తగ్గించగానే పోతే, అది ఇంజిన్ లోపలి నాకింగ్, అంటే పెట్రోలు సరైన తీరులో కాకుండా ఒక్కసారిగా మండడం కావచ్చు. కింద ఎంత వెతికినా దొరకదు. కారు పుస్తకంలో చెప్పిన ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే శక్తిని తెలిపే అంకె) ఉన్న పెట్రోలే వాడుతున్నారా చూడండి. అయినా తగ్గకపోతే మెకానిక్‌కు చూపించండి. ఎక్కువకాలం వదిలేస్తే పిస్టన్లు దెబ్బతింటాయి.

కిందికి వెళ్లే ముందు

ఇంజిన్ ఆపి కనీసం రెండు గంటలు చల్లారనివ్వండి. నడిచేటప్పుడు క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ వరుసలో పొగను శుభ్రం చేసే డబ్బా) వేడి 400 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. చక్రాలకు అడ్డు పెట్టండి. జాకీ ఎత్తడానికి మాత్రమే. కారు బరువు స్టాండ్ల మీద నిలవాలి, అదీ కారు పుస్తకంలో చూపిన చోట్లలోనే. దూరే ముందు కారును ఒకసారి గట్టిగా తోసి చూడండి. ఉత్త జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎప్పుడూ వెళ్లకండి, ఒక్క నిమిషానికి కూడా.

తట్టుకుంటూ వెళ్లండి

రబ్బరు సుత్తితోగానీ పిడికిలితోగానీ ఇంజిన్ వైపునుంచి చివరి దాకా సైలెన్సర్‌ను మెల్లగా తట్టండి. మీరు విన్న చప్పుడే ఎక్కడో ఒకచోట మళ్లీ పలుకుతుంది.

మొదట చూడాల్సింది హీట్ షీల్డ్, అంటే గొట్టం వేడి పైకి తగలకుండా అడ్డుగా పెట్టే పలచటి రేకు. బోల్టు చుట్టూ తుప్పు పట్టి రంధ్రం పెద్దదవుతుంది, రేకు ఆడుతుంది. వెడల్పాటి వాషర్ వేసి బిగిస్తే చాలు. గొట్టానికే చుట్టిన రేకు అయితే స్టెయిన్‌లెస్ స్టీల్ క్లాంపుతో కట్టేయవచ్చు. చప్పుడు చేస్తోంది కదా అని పీకి పారేయకండి. పైనున్న వైర్లను, పెట్రోలు ట్యాంకును, కారు లోపలి కార్పెట్‌ను వేడినుంచి కాపాడేది అదే.

తర్వాత సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లు. ఒక్కటి తెగినా గొట్టం ఊగుతుంది. చేత్తో అటూ ఇటూ కదిపి, ఎక్కడ తగులుతోందో చూడండి. రెండు లోహాలు రాసుకున్న చోట మురికి పోయి మెరుస్తూ ఉంటుంది. నాకు అన్నిటికంటే నమ్మకమైన ఆనవాలు అదే. అతుకుల దగ్గర నల్లటి మసి చారలు ఉంటే పొగ లీకవుతోందని అర్థం. ఆ పొగ కారు లోపలికి రావచ్చు కాబట్టి దీన్ని వాయిదా వేయకండి.

క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తట్టినప్పుడు లోపల పెంకులు కదిలినట్టు వినిపిస్తే, అందులోని తేనెపట్టు లాంటి సిరామిక్ భాగం విరిగిందన్నమాట. అది మార్చాల్సిందే. కానీ ఎందుకు విరిగిందో ముందు తెలుసుకోండి. తరచుగా దీనికి మూలం మిస్‌ఫైర్, అంటే ఇంజిన్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం. కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్లి మండి, దాన్ని విపరీతంగా వేడెక్కిస్తుంది. మూలం సరిచేయకపోతే కొత్తదీ అలాగే పోతుంది.

ఇంజిన్ మౌంటింగ్

ఆటోమేటిక్ కారైతే బానెట్ తెరిచి, ఒకరు హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేక్ పూర్తిగా తొక్కిపట్టి, గేరు డీ (ముందుకు)లో పెట్టి రెండు సెకన్లు కొద్దిగా యాక్సిలరేటర్ నొక్కాలి. తర్వాత ఆర్ (వెనక్కి)లో. మీరు పక్కకు నిలబడి చూడండి. ఇంజిన్ కాస్త ఒరగడం మామూలే. ఎగిరిపడినట్టు కదిలితే మౌంటింగ్ పోయినట్టే. మాన్యువల్ కారులో ఈ పరీక్ష మెకానిక్‌కే వదిలేయడం మంచిది.

ఇంజిన్ శక్తిని చక్రాలకు అందించే డ్రైవ్ షాఫ్ట్ కడ్డీ మీది రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు చుట్టూ చిమ్మి ఉన్నా అక్కడితో ఆగి మెకానిక్‌ను పిలవండి.

దొరకకపోతే

“ఏదో చప్పుడు వస్తోంది” అని చెప్పి తాళాలు ఇచ్చేసి రాకండి. “మూడో గేరులో, 2000 దగ్గర, ఎత్తు ఎక్కేటప్పుడు, ఇంజిన్ చల్లగా ఉంటేనే” అని చెప్పండి. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ చప్పుడు వినిపించండి. బాగుచేశాక కూడా అదే గేరులో, అదే ఎత్తు మీద నడిపి చూశాకే కారు తీసుకోండి. ఈలోగా ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉన్నా, బండి లాగడం తగ్గినా, గొట్టం కిందికి వేలాడుతున్నా నడపకండి. ఉన్నచోటునుంచే లాగించుకు వెళ్లండి.