ఇసిజిలో క్యూఆర్ఎస్ ముందు పి తరంగం లేనప్పుడు: జంక్షనల్ లయ

సమస్య: నాడి నిమిషానికి 50 చొప్పున క్రమం తప్పకుండా నడుస్తోంది, క్యూఆర్ఎస్ (గుండె కింది గదులైన జఠరికల విద్యుత్ సంకేతం) సన్నగానే ఉంది, కానీ దాని ముందు పి తరంగం (పై గదులైన కర్ణికల విద్యుత్ సంకేతం) లేదు, లేదా గుండెను కింది నుంచి చూసే 2, 3, ఏవీఎఫ్ లీడ్లలో తలకిందులుగా ఉంది.

కారణం: గుండె లయను మామూలుగా నడిపే సైనస్ నోడ్ మందగించినా, దాని సంకేతం కిందికి చేరకపోయినా, కర్ణికలకు, జఠరికలకు నడుమనున్న ఏవీ నోడ్ పరిసరాల్లోని (జంక్షన్‌లోని) కణాలు లయను అందుకుంటాయి. జఠరికలకు సంకేతం మామూలు దారిలోనే దిగుతుంది కనుక, బండిల్ బ్రాంచ్ బ్లాక్ (జఠరికల్లోని విద్యుత్ దారిలో అడ్డు) ముందే ఉంటే తప్ప, క్యూఆర్ఎస్ 0.12 సెకన్లు దాటదు. కర్ణికలకు మాత్రం అది కింది నుంచి పైకి పాకుతుంది. అందుకే పి తలకిందులై, క్యూఆర్ఎస్‌కు కొద్దిగా ముందో, అందులో కలిసిపోయో, వెనకాలో వస్తుంది. వెనకాల వచ్చే పి అక్కడ దాగి ఉండవచ్చు కనుక, క్యూఆర్ఎస్ తర్వాతి ఎస్‌టీ భాగంలోని చిన్న నొక్కును కూడా వెతికి చూడాలి.

వేగం నిమిషానికి 40–60 అయితే అది ఎస్కేప్ లయ (పై సంకేతం అందనప్పుడు ఆదుకునే లయ), 60–100 అయితే యాక్సిలరేటెడ్ (వేగం పెరిగిన) జంక్షనల్ లయ, 100 దాటితే జంక్షనల్ టాకీకార్డియా.

పొరబడే చోట్లు: తలకిందులైన పి నుంచి క్యూఆర్ఎస్ వరకు మూడు చిన్న గడులు, అంటే 0.12 సెకన్లు, లేదా అంతకు మించి ఉంటే లయ కర్ణిక కింది భాగంలో పుట్టి ఉండవచ్చు. పి కనిపించక, క్యూఆర్ఎస్ వెడల్పై, టి తరంగం మొనదేలి ఉంటే రక్తంలో పొటాషియం పెరిగిందేమో వెంటనే చూడాలి.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది నాడిని నెమ్మదింపజేసే డిగాక్సిన్ వాడుతున్న ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (కర్ణికలు అస్తవ్యస్తంగా అదిరే జబ్బు) రోగి. ఇన్నాళ్లూ అస్తవ్యస్తంగా ఉన్న నాడి ఒక్కసారిగా నెమ్మదించి క్రమబద్ధమైతే జబ్బు నయమైందని సంతోషించకూడదు. కర్ణికల్లో ఫిబ్రిలేషన్ అలాగే ఉండగా, మందు విషమించి ఏవీ బ్లాక్ (కర్ణికల సంకేతం జఠరికలకు చేరకపోవడం) ఏర్పడి, జంక్షన్ ఒంటరిగా గుండెను నడుపుతూ ఉండవచ్చు. డిగాక్సిన్ ఆపి, రక్తంలో దాని స్థాయిని, పొటాషియంను, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్‌ను పరీక్షించాలి. ప్రాణాపాయం ఉంటే దాని విరుగుడైన డిగాక్సిన్ యాంటీబాడీ అవసరమవుతుంది.

పరిష్కారం: బీపీ, స్పృహ, ఊపిరి బాగుంటే, నాడిని నెమ్మదింపజేసే బీటా బ్లాకర్, వెరపామిల్, డిల్టియాజెమ్ వంటి మందులను సమీక్షిస్తే చాలాసార్లు సరిపోతుంది. గుండె కింది గోడకు ఇన్‌ఫార్క్షన్ (గుండెపోటు) వచ్చి ఉంటే మూసుకున్న రక్తనాళాన్ని తెరవడమే అసలు చికిత్స. నెమ్మది నాడి వల్ల బీపీ పడిపోతే అట్రోపిన్ 1 మిల్లీగ్రాము సిరలోకి ఇచ్చి, అవసరమైతే 3–5 నిమిషాలకొకసారి మొత్తం 3 మిల్లీగ్రాముల వరకు ఇవ్వవచ్చు. ఫలితం లేకపోతే తాత్కాలిక పేసింగ్ (యంత్రంతో విద్యుత్ సంకేతాలిచ్చి గుండెను నడపడం) చేయాలి. ఎస్కేప్ లయను అణచడానికి లిగ్నోకెయిన్, అమియోడరోన్ ఇవ్వనే కూడదు, ఎందుకంటే ఆ క్షణంలో రోగిని బతికిస్తున్నది ఆ లయే. తొలగించగల కారణమేదీ దొరకక, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం కొనసాగుతుంటే శాశ్వత పేస్‌మేకర్ కోసం కార్డియాలజిస్టు వద్దకు పంపాలి.