జిల్లా జట్టు నుంచి రంజీకి పిలుపు: కుర్రాడు సిద్ధంగా ఉన్నాడో లేదో చూడడం ఎలా

జిల్లాల మధ్య పోటీల్లో రెండు సెంచరీలు కొట్టిన కుర్రాణ్ణి వెంటనే రంజీ (రాష్ట్ర జట్ల మధ్య జరిగే దేశవాళీ క్రికెట్ పోటీ) జట్టులోకి తీసుకోవాలనే మాట గుంటూరు, విజయవాడ మైదానాల్లో ప్రతి సీజన్‌లోనూ వినిపిస్తుంది. ఆ పరుగులను లెక్కలోకి తీసుకోవలసిందే. అయితే వాటిని ఎటువంటి పిచ్ మీద, ఏ స్థాయి బౌలర్ల మీద చేశాడో తెలుసుకోకుండా స్కోరుకార్డు మాత్రమే చూసి నిర్ణయించడం ఆ కుర్రాడికే అన్యాయం.

మొదట పిచ్ సంగతి తెలుసుకోవాలి. మ్యాటింగ్ (పిచ్‌పై పరిచిన చాప) మీద బంతి దాదాపు ఒకే ఎత్తులో లేస్తుంది కనుక వెనక్కి జరిగి ఆడేవాడికి పరుగులు తేలికగా వస్తాయి. టర్ఫ్ (మట్టి, గడ్డితో తయారుచేసిన సహజ పిచ్) మీద మూడో రోజుకు అదే బంతి ఒకసారి చీలమండ దగ్గరే ఉండిపోతుంది, మరోసారి పక్కటెముకల మీదికి వస్తుంది. అందుచేత విజయవాడ దగ్గరి మూలపాడు వంటి టర్ఫ్ మైదానంలో ఓపికగా చేసిన నలభై పరుగులను నేను మ్యాటింగ్ మీది సెంచరీ కంటే ఎక్కువగా పరిగణిస్తాను.

బ్యాటర్‌ను సైట్‌స్క్రీన్ (బౌలర్ వెనుక బౌండరీ దగ్గర ఉండే తెర) వైపు నుంచి చూడండి. పక్కనుంచి చూస్తే ఆఫ్‌స్టంప్ ఎక్కడుందో అతనికి తెలుసో లేదో మనకు తెలియదు. కొత్త బంతితో అతను ఎదుర్కొన్న మొదటి ముప్పై బంతుల్లో ఎన్నింటిని వదిలేశాడో, ఎన్నింటికి బీట్ అయ్యాడో (ఆడబోయినా బ్యాటుకు తగలలేదో), బీట్ అయిన వెంటనే వచ్చిన బంతిని ఎలా ఆడాడో పుస్తకంలో రాసుకోండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఆ మూడో అంశమే, ఎందుకంటే బీట్ అయిన ఉక్రోషంతో తరువాతి బంతిని బలంగా కొట్టబోయేవాణ్ణి రంజీ బౌలర్ రెండు ఓవర్లలో కనిపెట్టేస్తాడు. ఎనభై ఓవర్ల తరువాత ప్రత్యర్థి మళ్లీ కొత్త బంతి తీసుకున్నప్పుడు, డెబ్బై పరుగుల మీదున్న బ్యాటర్ మొదటి గంటలో ఆడినంత జాగ్రత్తగా ఆడుతున్నాడా అన్నది కూడా గమనించాలి.

బౌలర్ విషయంలో ఉదయపు తొలి స్పెల్ (వరుసగా వేసే ఓవర్ల విడత) వేగాన్ని చూసి మురిసిపోకూడదు. సాయంత్రం, బంతి పాతబడి కాళ్లు బరువెక్కాక వేసే మూడో స్పెల్‌లో లెంగ్త్ (బంతి పిచ్‌పై పడే దూరం) నిలుస్తోందా అన్నదే చూడాలి. ఇందుకు అండర్-23 కుర్రాళ్లు నాలుగు రోజులు ఆడే కల్నల్ సి.కె. నాయుడు ట్రోఫీని మించిన పరీక్ష మన దగ్గర లేదు.

గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ 2022 అండర్-19 ప్రపంచ కప్ సెమీఫైనల్లో, ఆస్ట్రేలియాపై భారత జట్టు 37 పరుగులకు రెండు వికెట్లు కోల్పోయిన స్థితిలో కెప్టెన్ యశ్ ధుల్‌తో కలిసి 204 పరుగులు జోడించి, తాను 94 చేశాడు. అంతటి ఆటగాడు రంజీలో హైదరాబాద్‌పై 203 చేసింది దాదాపు మూడేళ్ల తరువాత, 2024 నవంబరులో. కాబట్టి కొత్తగా పిలిచిన కుర్రాడికి కనీసం మూడు మ్యాచ్‌లు, అతను అలవాటుపడిన స్థానంలోనే ఇవ్వండి. జిల్లాలో ఓపెనింగ్ చేసేవాణ్ణి ఆరో స్థానంలో దింపి, రెండు ఇన్నింగ్స్ విఫలమయ్యాడని వెనక్కి పంపితే, అతను సిద్ధంగా ఉన్నాడో లేదో మీరు పరీక్షించనే లేదు.