పాత యెజ్డీని ఇంట్లో బాగుచేయాలంటే పెయింటు చివర్న

పాత యెజ్డీ బైకో జావా బైకో దొరకగానే అందరూ చేసే మొదటి పని ట్యాంకు ఊడదీసి పెయింటుకు పంపడం. వద్దు. బండి తుప్పుతోనే ఉండనివ్వండి, ముందు ఆర్సీ తీసి ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు రెండూ కాగితంతో సరిపోతున్నాయో లేదో చూడండి. తేడా ఉంటే ఎంత చవకగా వచ్చినా కొనకండి, దాని మీద పెట్టే ప్రతి రూపాయీ ఆర్టీఓ ఆఫీసు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. 15 ఏళ్లు దాటిన బండి ఆర్సీని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 50 ఏళ్లు దాటినదాన్ని 2021 నిబంధనల కింద వింటేజ్‌గా కొత్తగా రిజిస్టర్ చేయించుకోవచ్చు, ఫీజు 20,000 రూపాయలు. కానీ అలా చేయిస్తే దాన్ని రోజూ ఆఫీసుకు తిప్పడానికి కుదరదు, అందుకే నడుపుకోవాలనుకునేవాళ్లకు మామూలు రెన్యువలే మేలు.

మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది కాబట్టి కంపెనీ స్పేర్లు అనే మాట మర్చిపోండి. ఇప్పుడు షోరూముల్లో అమ్మే కొత్త యెజ్డీకీ దీనికీ పేరు తప్ప పోలిక లేదు, ఇంజన్ పార్టులేవీ పనికిరావు. హైదరాబాద్ పుత్లీబౌలి, విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట తిరిగితే చాలావరకు దొరుకుతాయి. పాత ఒరిజినల్ పార్టు కాస్త అరిగినా సరే పారేయకండి, కొత్తగా వచ్చే నకిలీ కంటే చాలాసార్లు అదే నయం.

ఏళ్ల తరబడి మూలన పడున్న బండి కిక్ దిగకపోతే ఎక్కి తొక్కకండి. వీటిలో కిక్కూ గేరూ ఒకే లివరు, బలవంతం చేస్తే లోపలి పళ్లు పోతాయి. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో డీజిల్, కొంచెం ఇంజన్ ఆయిల్ కలిపి పోసి రెండుమూడు రోజులు వదిలేసి, ఆ తర్వాత గేరులో వేసి వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపండి. అప్పటికీ కదలకపోతే హెడ్డు (సిలిండర్ పై మూత) విప్పాల్సిందే. విప్పే ప్రతి దశకీ ఫోన్లో ఫొటో తీసుకుని, నట్లూ వాషర్లూ విడివిడి కవర్లలో వేసి పేరు రాయండి. వైరింగ్ ఫొటోలు అయితే రెండింతలు తీయండి.

ఇక అసలు సంగతి క్రాంక్ సీళ్లు, అంటే పిస్టన్ కింద తిరిగే క్రాంక్ ఇరుసుకి రెండు వైపులా ఉండే రబ్బరు రింగులు. చాలామంది మెకానిక్‌లు బోర్ కొట్టించి (అరిగిన సిలిండర్‌ని లోపల కోయించి), కొత్త పిస్టన్ వేసి బండి ఇచ్చేస్తారు, నెల తిరిగేలోపు పిస్టన్ మళ్లీ సిలిండర్‌లో ఇరుక్కుని పట్టేస్తుంది, తప్పు పిస్టన్ మీద పడుతుంది. టూ స్ట్రోక్ ఇంజన్‌లో పెట్రోలు మిశ్రమం ముందు క్రాంక్‌కేసులోకి, అంటే పిస్టన్ కింది గదిలోకి వచ్చి, అక్కడ ఒత్తిడికి గురై పైకి వెళ్తుంది, అంటే ఆ గది గాలి చొరబడకుండా ఉండాలి. ఏళ్లు నిలబడిపోయిన బండిలో సీళ్ల రబ్బరు ఎండి గట్టిపడుతుంది. కుడివైపు, డైనమో దగ్గరున్న సీలు పోతే బయటి గాలి లోపలికి లాగుతుంది, మిశ్రమంలో పెట్రోలూ ఆయిలూ తగ్గుతాయి, ఇంజన్ వేడెక్కుతుంది, యాక్సిలరేటర్ వదిలినా రైజింగ్ దిగదు. ఎడమవైపు సీలు పోతే గేర్ ఆయిల్‌ని పీల్చి కాల్చేస్తుంది, సైలెన్సర్ల నుంచి ఎంతసేపటికీ ఆగని తెల్లపొగ వస్తుంది, గేర్‌బాక్స్‌లో ఆయిలు తగ్గుతుంటుంది. అందుకే ఇంజన్ ఎలా ఉన్నా రెండు సీళ్లూ మార్చేయండి. బోరింగ్ పని మాత్రం లేత్ వర్క్‌షాప్‌కే వదిలేయండి, పిస్టన్ ముందు కొని, దాన్ని చేతికిచ్చి దాని కొలతకే బోర్ చేయమనండి.

ట్యాంకులో తుప్పుకి వెనిగర్ నింపి ఒకటి రెండు రోజులు ఉంచి, గుప్పెడు నట్లు వేసి బాగా ఊపి, తినే సోడా కలిపిన నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టి, లోపలంతా టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ బళ్లలో పెట్రోల్లో కలిపే ఆయిల్) పూయండి. ఆలస్యమైతే గంటల్లోనే మళ్లీ తుప్పు. ఇప్పటి పెట్రోల్లో ఉండే ఇథనాల్ పాత రబ్బరు పైపుల్ని తినేస్తుంది, తేమనూ లాగుతుంది, కాబట్టి పైపులు కొత్తవి వేయండి, బండిని నెలలు ఆపాల్సివస్తే ట్యాంకు ఖాళీ చేయండి.

కరెంటు పని పెద్ద టెన్షన్ కాదు. ప్లగ్గుకి నిప్పురవ్వ ఇచ్చే చోట కండెన్సర్ కొత్తది, పాయింట్ల (తెరుచుకుని మూసుకునే కాంటాక్టుల) గ్యాప్ 0.4 మి.మీ., ఎర్త్ వైరు తగిలేచోట ఇనుము మెరిసేదాకా గీకడం, ఇంజన్ ఆగి ఆగి కొట్టుకునే మిస్సింగ్‌లు సగం దీంతోనే పోతాయి. బ్రేక్ డ్రమ్ములోని దుమ్మును మాత్రం నోటితో ఊదకండి, పాత బ్రేకు లైనర్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవండి.

స్టార్ట్ అయ్యాక లీటరు పెట్రోలుకు 50 మి.లీ. టూటీ ఆయిలు కలిపి మొదటి 500 కిలోమీటర్లు మెల్లగా తిప్పి, ఇంజన్ చల్లారాక హెడ్డు నట్లు మళ్లీ బిగించండి. ఆ తర్వాత లీటరుకు 40 మి.లీ. చాలు.

ఇన్ని కిలోమీటర్లు తిరిగి ఎక్కడా కారడం లేదని తేలాకే పెయింటు. ఒరిజినల్ రంగు సగమైనా మిగిలుంటే నేనైతే రుద్ది పాలిష్ చేసి వదిలేస్తాను, కొత్త పెయింటు ఎవరైనా కొట్టగలరు. కొట్టించాల్సిందేనంటే ఛాసిస్ నంబరు మీద టేపు వేయించి పంపండి, పౌడర్ కోటింగ్ మందంగా పడి నంబరు పూడుకుపోతే రెన్యువల్‌కి వెళ్లినరోజు అక్కడే గీకుతూ కూర్చోవాలి.